మారుతి 800: చోక్ లాగితేనే నడుస్తోంది, వదిలితే ఆగిపోతోంది

విజయనగరం మూడు లాంతర్ల జంక్షన్ దగ్గర యాక్సిలరేటర్ మీంచి కాలు తీయగానే బండి ఆగిపోతోందని, చోక్ లాగితే నిలుస్తోందని రాశారు. చాలావరకు కార్బురేటర్ మీదున్న ఐడిల్ కట్-ఆఫ్ సోలినాయిడ్ (కాలు తీసినప్పుడు ఇంజన్‌కి పెట్రోలు దారి తెరిచి ఉంచే కరెంటు వాల్వు) తెరుచుకోవట్లేదు. దయచేసి మిక్శ్చర్ స్క్రూ (గాలి, పెట్రోలు పాళ్లు సరిచేసేది) ముట్టుకోకండి, సెట్టింగ్ పోతే ఇంకో తలనొప్పి.

1. ఇంజన్ ఆపి, చల్లారాక సోలినాయిడ్ మీద వేలు పెట్టండి. ఇంకొకర్ని తాళం ఆన్ చేయమనండి. టక్‌మని తగలాలి.

2. తగల్లేదా? మల్టీమీటర్ పెట్టి వోల్టేజీ చూడండి. అందరూ పొరబడేది ఇక్కడే: వైరు ఊడదీసి చూస్తారు, 12 వోల్టులు కనిపిస్తాయి, వాల్వు పోయిందని కొత్తది కొంటారు. కనెక్టర్ తగిలించే ఉంచి, వెనక నుంచి ప్రోబ్ గుచ్చి చూడాలి. చిలుం పట్టిన పిన్ను ఖాళీగా 12 చూపించినా, లోడు పడగానే, అంటే సోలినాయిడ్ కరెంటు లాగగానే, వోల్టేజీ పడిపోతుంది. భోగాపురం వైపు ఉప్పుగాలికి తిరిగే బండి కదా, నాకు పిన్ను మీదే అనుమానం. ఒక్క వైరే ఉంటే ఎర్త్ కార్బురేటర్ బాడీ నుంచే, అదీ గీకండి.

3. లోడులోనూ 12 దగ్గరే ఉండి, ఎర్త్ బాగుండి, టక్ రాకపోతే అప్పుడు వాల్వు మార్చండి.

4. టక్ వస్తున్నా ఆగిపోతే ఐడిల్ జెట్‌లో (ఐడిల్‌లో పెట్రోలు వచ్చే సన్న రంధ్రం) చెత్త. విప్పి గాలి కొట్టించండి, సూది పెట్టి పొడవద్దు. చిరిగిన వాక్యూమ్ పైపులూ చూడండి.

పెట్రోలు వాసన వస్తుంటే ముందు లీకు ఆపి, తర్వాతే వైర్ల జోలికి వెళ్లండి.