మా ఊరి బడి మంచిదేనా? ఎలా తెలుసుకోవాలి?

ప్రశ్న: మేడమ్ గారూ, నమస్తే. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. మా పాపకి యూకేజీ అయిపోయింది, జూన్‌లో ఒకటో తరగతి. ఇప్పటిదాకా టౌన్లో ప్రైవేటు స్కూలుకి పంపాం, ఫీజూ వ్యానూ కలిపి ఏడాదికి 40 వేలు దాటుతోంది. మా ఇంటికి మూడు వీధుల అవతల మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల ఉంది. 42 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు. ప్రభుత్వ బడులు బాగు చేసే నాడు-నేడు పథకంలో టైల్స్ వేసి, రంగులేసి బాగు చేశారు. నాకు అక్కడ చేర్పించాలని ఉంది. కానీ మా అత్తగారు, ఆడపడుచు "డబ్బులు చూసుకుని పిల్ల చదువు పాడు చేస్తావా" అంటున్నారు. ఆ బడి మంచిదో కాదో మాకెలా తెలుస్తుంది? మేమిద్దరం పదో తరగతి వరకే చదివాం, వెళ్ళి ఏం అడగాలో కూడా తెలియదు.
ఒక తల్లి, గుంటూరు జిల్లా

జవాబు: అమ్మా, పదో తరగతి వరకే చదివామని వెనకాడకండి. నేను ముప్పై ఏళ్ళు ప్రాథమిక బడుల్లోనే పనిచేశాను, ఎస్జీటీగా, అంటే చిన్న తరగతుల టీచరుగా చేరి హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరయ్యాను. తనిఖీకి వచ్చి రిజిస్టర్లు చూసి వెళ్ళిన అధికారుల కంటే, పిల్లని దింపడానికి వచ్చి గుమ్మం దగ్గర పది నిమిషాలు నిలబడిన తల్లులకే మా బడి సంగతి బాగా తెలిసేది.

టైల్స్, రంగులు మంచివే, పిల్లలకి శుభ్రమైన గది ఉండాల్సిందే. కానీ వాటిని చూస్తే ప్రభుత్వం ఎంత ఖర్చు పెట్టిందో తెలుస్తుంది గానీ లోపల చదువు ఎలా చెబుతున్నారో తెలియదు. కాబట్టి మీరు లోపలికి వెళ్ళాలి. అడ్మిషన్ల హడావుడి ఉన్నప్పుడో, మెగా పేరెంట్ మీటింగ్ రోజో కాదు, ఏ బుధవారమో గురువారమో పదకొండు గంటలకి వెళ్ళండి. బడి ముగిసి వేసవి సెలవులిచ్చేలోపే వెళ్ళాలి, జూన్‌లో చూద్దాంలే అనుకుంటే టైమ్ చాలదు. "మా పాపని చేర్పిద్దామనుకుంటున్నాం, ఒక గంట కూర్చుని చూడొచ్చా అండీ" అని హెడ్మాస్టరు గారిని అడగండి. కుర్చీ వేసి కూర్చోమన్నారంటే సగం పని అయినట్టే. "ఇప్పుడు కాదు, తర్వాత రండి" అంటే ఇంకో రోజు వెళ్ళండి, పాపం నిజంగానే ఏదో పనిలో ఉండొచ్చు, ఈ మధ్య హాజరుకో యాప్, భోజనాల లెక్కకో యాప్ అని వాళ్ళకి ఊపిరాడటం లేదు. మూడుసార్లు వెళ్ళినా లోపలికి రానివ్వకపోతే మాత్రం ఆలోచించాలి.

మీ పాప చేరేది ఒకటో తరగతిలో అయినా మీరు చూడాల్సింది మూడో తరగతి పిల్లల్ని. ఆ బడి రెండేళ్ళు ఏం నేర్పిందో వాళ్ళ నోట్లోనే ఉంటుంది. వెనక కూర్చున్న పిల్లనో పిల్లాడినో దగ్గరికి పిలిచి, తెలుగు వాచకంలో ఏదో ఒక పేజీ తీసి చదవమనండి. ముందు వరసలో ఉన్నవాళ్ళు ఏ బడిలోనైనా చదువుతారు, టీచరు గారు కూడా అలవాటుగా వాళ్ళనే లేపుతారు. మీరు వెనక వాళ్ళని అడగండి, ప్రేమగా అడగండి, బెదిరిపోతారు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. నేను ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, రెండో తరగతి పిల్లాడొకడు పాఠం గడగడా చదువుతుంటే మురిసిపోయి వింటున్నాను. ఫ్యాను గాలికి పేజీ తిరిగిపోయింది. వాడు ఆగలేదు. వేలు కొత్త పేజీ మీద కదులుతోంది, నోటి వెంట మాత్రం పాత పాఠమే వస్తోంది. పాఠమంతా చెవితో విని కంఠతా పట్టేశాడు గానీ వాడికి అక్షరాలే పూర్తిగా రావు. అంత తెలివైన పిల్లాడికి ఏడాదిన్నర పాటు చదవడం రాలేదని నేను గమనించలేదు. ఆ రోజు నాకు అన్నం సహించలేదు. అప్పటి నుంచి ఎవరు చదివినా మధ్యలో ఒక మాట మీద వేలు పెట్టి "ఇదేంటి" అని అడగడం అలవాటు చేసుకున్నాను, మీరూ అలాగే చేయండి. వత్తులున్న మాట అడగండి. తడబడినా ఫర్వాలేదు, అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాడంటే వాడు చదువుతున్నట్టే.

తర్వాత పలక మీద 52లోంచి 17 తీసేయమనండి. 35 వస్తే అప్పు తెచ్చుకోవడం అర్థమైంది. 45 వచ్చిందంటే పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేశాడు, అంటే పద్ధతి చూశాడు గానీ ఎందుకో తెలియలేదు. ఇద్దరు ముగ్గురికి 45 వస్తే అది పిల్లల తప్పు కాదు.

ఇవి నా సొంత పరీక్షలు కావు. ప్రథమ్ సంస్థ వాళ్ళు అసర్ పేరుతో పల్లెల్లో ఇంటింటికీ వెళ్ళి పిల్లల్ని ఇలాగే చదివించి, లెక్కలు చేయించి చూస్తారు. 2024లో దేశం మొత్తం మీద ప్రభుత్వ బడుల్లో ఐదో తరగతి చదివే పల్లె పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్ళు 44.8 శాతమే. ఇది చూసి భయపడి ప్రైవేటుకి పరిగెత్తకండి, అక్కడా చదవలేని పిల్లలు తక్కువేం లేరు. మీ ఊరి బడి ఆ లెక్కలో ఎటువైపు ఉందో తెలుసుకోవడానికే చెబుతున్నాను.

ఇక నోటు పుస్తకాలు. ఒక నాలుగైదు తిరగెయ్యండి. ప్రతి పేజీ కింద ఎర్ర టిక్కు, సంతకం ఉండి, పైన "పుస్థకం", "విధ్యార్థి" అని తప్పులు అలాగే ఉంటే ఆ టిక్కు తనిఖీ అధికారి కోసం పెట్టినది. తప్పు కింద గీత గీసి, పక్కన సరైన మాట రాసి, పిల్లతో మళ్ళీ రాయించిన పుస్తకం ఒక్కటి కనబడినా ఆ టీచరు గారికి నమస్కారం పెట్టండి, నలభై పుస్తకాలు అలా దిద్దడానికి ఎంత ఓపిక కావాలో నాకు తెలుసు. అన్ని పుస్తకాల్లోనూ ఒకే వ్యాసం కామాతో సహా ఒకేలా ఉంటే బోర్డు మీద చూసి రాసినదే.

మీ అత్తగారి భయం ఇద్దరే టీచర్లని అయ్యుంటుంది. విద్యాహక్కు చట్టం ప్రకారం ఐదో తరగతి దాకా ఉన్న బడిలో 60 మంది వరకు ఇద్దరు, 61 నుంచి 90 వరకు ముగ్గురు టీచర్లు ఉండాలి. కాబట్టి 42 మందికి ఇద్దరే ఇస్తారు, ఆ బడి చేసిన తప్పేం లేదు. ఐదు తరగతుల్ని ఇద్దరూ ఎలా పంచుకుంటున్నారో చూడండి. సారు నాలుగో తరగతికి లెక్కలు చెబుతున్నప్పుడు మూడు, ఐదు తరగతుల పిల్లలు ఏం చేస్తున్నారు? "పాఠం చూసి రాయండి" అని చెప్పేసి గంట కొట్టేదాకా వాళ్ళ వైపు చూడకపోతే ఆ పిల్లలు రోజులో సగం ఊరికే కూర్చుంటున్నట్టే. అదే, ఐదో తరగతి పిల్ల మూడో తరగతి వాళ్ళని చుట్టూ కూర్చోబెట్టుకుని పదాల కార్డులు చదివిస్తుంటే, సారు పది నిమిషాలకోసారి ఇటొచ్చి చూసి వెళ్తుంటే, తరగతికో టీచరున్న బడి కంటే అక్కడే బాగా నేర్చుకుంటారు. ఇలాంటి బడుల్ని నా కళ్ళారా చూశాను. మీ దగ్గర్లో తరగతికో టీచరుండే మోడల్ ప్రైమరీ స్కూలు ఉంటే, 2025లో చాలా చోట్ల పెట్టారు, అదీ ఒకసారి చూసి రండి.

మధ్యాహ్నం దాకా ఉండగలిగితే భోజనం చూడండి. పిల్లలకి పెట్టే ముందు టీచరు రుచి చూడాలన్నది నియమం. గుడ్డు వస్తోందా, పప్పు పప్పులా ఉందా, పళ్ళెం కడుక్కోవడానికి నీళ్ళున్నాయా. బాత్రూములు మాత్రం పొద్దున చూడొద్దు, మూడింటికి చూడండి, ఆడపిల్ల తల్లివి కదా, తాళం వేసి ఉంటే ఎందుకు వేశారని అడుగు తల్లీ, మొహమాటపడకు. రిజిస్టర్లో 42 మంది ఉంటే ఆ రోజు ఎంతమంది వచ్చారో కూడా లెక్కపెట్టుకోండి. ప్రతి బడికీ ప్రభుత్వ లెక్కల్లో గుర్తింపుగా 11 అంకెల యూడైస్ నంబరు ఉంటుంది, నెట్‌లో కొడితే పిల్లలెందరు, టీచర్లెందరు అన్నీ వస్తాయి, కానీ అవి బడి వాళ్ళు నింపి పంపిన లెక్కలే.

ఇంగ్లీషు గురించి మీరు అడగలేదు గానీ ఆడపడుచు అడుగుతారు. ఇప్పుడు ప్రభుత్వ బడిలోనూ పుస్తకాలు రెండు భాషల్లో ఉంటున్నాయి, ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదురు పేజీలో అదే పాఠం తెలుగులో. టీచరు రెండు పేజీలూ వాడుతున్నారా అని చూడండి. "టీచర్ల పిల్లలు ఎక్కడ చదువుతున్నారో అడగండి" అని చాలామంది సలహా ఇస్తారు, నేనైతే ఇవ్వను. అది వాళ్ళ ఇంటి విషయం, మీకు కావలసిన జవాబు దాంట్లో దొరకదు.

ఇదంతా చూశాక ఇదే పరీక్ష పాప ఇప్పుడు చదువుతున్న ప్రైవేటు బడికీ పెట్టండి. అక్కడ ఒకటో తరగతి చెప్పేవారు ఏం చదువుకున్నారు, ఎన్నేళ్ళ నుంచి ఉన్నారు, గదిలో పిల్లలెందరు అని అడగండి. రెండు చోట్లా మూడో తరగతి పిల్లాడు చదివింది విన్నాక, వీలైతే మీ అత్తగారిని కూడా వెంటబెట్టుకుని వెళ్తే, ఇంట్లో గొడవ దానంతటదే తగ్గుతుంది.

ప్రశ్న: మేడమ్, మేము డాలస్ దగ్గర ఉంటాం. బాబు కిండర్‌గార్టెన్‌కి వెళ్ళాలి, ఇల్లు కొందామని చూస్తున్నాం. ఒక ఇంటి దగ్గర ఎలిమెంటరీ స్కూలుకి రేటింగ్ 9, ఇంకో ఇంటి దగ్గర 6. తొమ్మిది ఉన్న చోట ఇల్లు బాగా ఎక్కువ ధర. ఫ్రెండ్సందరూ తొమ్మిది కంటే తక్కువైతే వద్దంటున్నారు.
ఒక తండ్రి, టెక్సాస్

జవాబు: బాబూ, మా అమ్మాయి కూడా అక్కడే ఉంటుంది, ఇదే టెన్షన్ వాళ్ళింట్లోనూ చూశాను. గ్రేట్‌స్కూల్స్ అనే వెబ్‌సైటు ఇచ్చే ఆ అంకె ఎక్కువగా రాష్ట్రం పెట్టే పరీక్షల మీదే ఆధారపడుతుంది. టెక్సాస్‌లో ఆ పరీక్షలు మూడో గ్రేడు నుంచి మొదలవుతాయి, అంటే మీ బాబు కూర్చోబోయే కిండర్‌గార్టెన్ గది గురించి ఆ అంకె ఏమీ చెప్పదు. బాగా సంపాదించే ఇళ్ళ పిల్లలు ఎక్కువగా ఉన్నచోట మార్కులు ఎలాగూ ఎక్కువే వస్తాయి. అదే పేజీలో ఏడాదిలో పిల్లలు ఎంత ముందుకెళ్ళారో చెప్పే స్టూడెంట్ ప్రోగ్రెస్ అంకె విడిగా ఉంటుంది, ముందు అది చూడండి. 6 ఉన్న బడిలో అది బాగుంటే టూర్ అడిగి వెళ్ళిరండి, చదవడంలో వెనకబడిన పిల్లలకి ప్రత్యేకంగా ఎవరు చెబుతారు, వారానికి ఎన్నిసార్లు చెబుతారు అని ప్రిన్సిపాల్‌ని అడగండి. కిండర్‌గార్టెన్ నుంచి నాలుగో గ్రేడు దాకా తరగతికి 22 మందే అని టెక్సాస్ చట్టం, కానీ మినహాయింపులు తీసుకుంటారు, అదీ అడగాలి. ఇంకొకటి, కొత్త ఇళ్ళు లేస్తున్న చోట బడి హద్దులు మారుతుంటాయి. ఇల్లు అమ్మేవాళ్ళ మాట మీద ఉండకుండా స్కూల్ డిస్ట్రిక్ట్‌కే అడ్రస్ ఇచ్చి ఏ బడి వస్తుందో కనుక్కోండి.

ప్రశ్న: అమ్మా, మాది సిద్దిపేట జిల్లాలో చిన్న ఊరు. మా బడికి ఒక్కరే సారు, 24 మంది పిల్లలు. సారు మంచివారే. కానీ మీటింగ్, ట్రైనింగ్, సర్వే అని ఆయన పోయిన రోజు చెప్పేవాళ్ళే ఉండరు. మా బాబు మూడో తరగతి, ఇంకా పదాలే చదువుతున్నడు. సారును అడిగితే ఏమనుకుంటరో అని భయం.
ఒక తల్లి, తెలంగాణ

జవాబు: తల్లీ, మీ సారుకి కూడా ఇంకొకరు తోడు కావాలని ఉంటుంది, నేను కూడా రెండేళ్ళు ఒక్కదాన్నే బడి నడిపాను, జ్వరమొచ్చినా సెలవు పెట్టడానికి మనసొప్పేది కాదు. కాబట్టి ఆయన మీద ఫిర్యాదులా కాకుండా ఆయనతో కలిసే వెళ్ళండి. 60 మంది వరకు ఇద్దరు టీచర్లని చట్టం చెబుతోంది కాబట్టి 24 మందికీ ఇద్దరు ఉండాల్సిందే. జనాభా లెక్కలు, ఎన్నికలు, విపత్తు సాయం తప్ప చదువుకి సంబంధం లేని మిగతా పనులకి టీచర్లని పంపకూడదని కూడా అదే చట్టంలో ఉంది.

బాబుకి అక్షరాలు, పదాలు వచ్చాయి కాబట్టి దారిలోనే ఉన్నాడు. రోజూ ఇరవై నిమిషాలు పక్కన కూర్చుని గట్టిగా చదివించండి. కొత్త పుస్తకం అక్కర్లేదు, రెండో తరగతి పాత వాచకం చాలు. తప్పు చదివితే వెంటనే అందించకుండా ఒక్క క్షణం ఆగండి, వాడే సరిచేసుకుంటాడు.

బడి సంగతికి వస్తే, బడి బాగోగులు చూసే అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలో ఉన్న తల్లులందరూ కలిసి ఒక కాగితం రాయండి. బడి పేరు, పిల్లలెందరు, తరగతులెన్ని, ఈ నెలలో సారు వేరే డ్యూటీ మీద వెళ్ళిన తేదీలు, ఆ రోజు పిల్లల్ని ఎవరు చూశారు, ఇంతే రాయండి. చివర్లో రెండో టీచరుని ఇవ్వాలని, ఇచ్చేలోపు పక్క బడి నుంచి ఒకరిని సర్దుబాటు చేయాలని అడగండి. అందరూ సంతకాలు పెట్టి ఎంఈవో (మండల విద్యాధికారి) గారికి ఇచ్చి, ఇంకో కాపీ మీద అందినట్టు ముద్ర వేయించుకోండి. నెలలో కదలిక లేకపోతే ఆ ముద్ర వేసిన కాపీ పట్టుకుని సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే ప్రజావాణికి వెళ్ళండి, ఒక్కరే వెళ్ళకుండా నలుగురైదుగురు తల్లులు కలిసి వెళ్ళండి.