అమ్మను నక్సోస్‌లో వదిలేశావు

చిరంజీవికి,

ఆశీస్సులు. నా మనవడి ఈడువాడివి కనుక నువ్వు అనే రాస్తున్నాను. నీ గ్రీసు యాత్ర రాతప్రతి అందింది. మొత్తం చదివాను, నక్సోస్ దీవి అధ్యాయం మాత్రం మళ్లీ మళ్లీ చదివాను. నీ వాక్యం ఎక్కడా తడబడదు, చెవికి ఇంపుగా ఉంది. మెచ్చుకోలు ఇంతటితో ఆపుతాను. నాకు కోపం వచ్చింది, ఆ సంగతి రాయాలి.

కోపం తెప్పించింది రాతప్రతికి జతచేసిన ఉత్తరం. అందులో ఇలా అన్నావు: “స్నేహితులతో పాటు అమ్మ, పిన్ని కూడా ఉండడం వల్ల అనుకున్నంత తిరగలేకపోయాం. వాళ్ల గొడవ పుస్తకంలోకి రాకుండా జాగ్రత్తపడ్డాను.” నిజమే, చాలా జాగ్రత్తపడ్డావు. ఏథెన్స్‌లో విమానం దిగినప్పుడు వీపున సంచులతో ఆరుగురు ఉన్నారు. అక్రోపోలిస్ కొండ ఎక్కేసరికి నువ్వొక్కడివే మిగిలావు. పిరేయస్ రేవులో ఓడెక్కింది నువ్వొక్కడివే. సాంతోరినిలో, ఊళ్లోని జనమంతా ఇయా కొండకొమ్మున భుజం భుజం ఒరుసుకుంటూ నిలబడే ఆ సూర్యాస్తమయాన్ని కూడా ఏకాంతంగా చూసినట్టు రాశావు. మిగిలిన ఐదుగురూ ఏమయ్యారు?

అంత జాగ్రత్తలోనూ ఒక వాక్యం నీ చేయి జారింది. “గాలి వల్ల ఓడ రద్దయింది. రాత్రంతా నక్సోస్ రేవులోనే ఉన్నాం. అమ్మ సంచులకు కాపలా కూర్చుంది.” అక్కడ నేను ఆగిపోయాను. తరువాతి పేరాలో అమ్మ ఉంటుందని తిప్పి చూస్తే పోర్టారా అనే పాత గుడి ద్వారబంధం ఉంది. క్రీ.పూ. 530 ప్రాంతంలో లిగ్డామిస్ అనే నియంత అపోలోకు గుడి కట్టడం మొదలుపెట్టాడనీ, అది పూర్తి కాలేదనీ, పాలరాతి ద్వారబంధం మాత్రం నిలిచిందనీ, 1207లో వచ్చిన వెనీసు ప్రభువు మార్కో సనూదో కొండమీద కోట కట్టించాడనీ, గుడి రాళ్లు అందులోకి వెళ్లాయనీ మూడు పేజీలు రాశావు. అందులో తప్పేమీ లేదు. ఆ మూడు పేజీలూ నువ్వు వెళ్లకపోయినా రాయగలవు.

ఆ పేజీల్లోనే అరియాడ్నే కథ చెప్పావు. క్రీటు రాజు మినోస్ కూతురు ఆమె, ఏథెన్స్ వీరుడు తీసియస్‌కు దారపుండ ఇచ్చి చిక్కుదారుల్లోంచి బయటపడేసింది. ఇల్లూ వాకిలీ వదిలి అతని వెంట ఓడెక్కింది. నక్సోస్‌లో ఆమె నిద్రపోతూండగా తీసియస్ ఆమెను అక్కడే విడిచి వెళ్లిపోయాడు. ఈ కథ దగ్గర నీ కలం తడిసింది, చదువుతుంటే తెలుస్తూనే ఉంది. బాబూ, అదే ఒడ్డున, అదే గాలిలో నువ్వు మీ అమ్మగారిని ఒక్క వాక్యంలో వదిలేసి పోయావు. ఆమె నిద్ర కూడా పోలేదు.

ఆ గాలికి మెల్తెమి అని పేరుందని నువ్వు రాయలేదు. జులై, ఆగస్టు నెలల్లో బాల్కన్ల వైపు వాయుపీడనం ఎక్కువగా, ఆసియా మైనరు మీద తక్కువగా ఉండడం వల్ల ఉత్తరం నుంచి ఏజియన్ సముద్రం మీదికి వీస్తుంది. మబ్బు ఉండదు, ఆకాశం నిర్మలంగా ఉంటుంది, సముద్రం మాత్రం తిరగబడుతుంది. గాలి హద్దు దాటితే రేవు అధికారులు ఓడలను కదలనివ్వరు. క్రీ.పూ. 351లో డెమోస్తనీస్ అనే వక్త ఏథెన్స్ సభలో నిలబడి, మాసిడోనియా రాజు ఫిలిప్పు ఈ గాలుల కాలం చూసుకుని, మన ఓడలు చేరలేని అదునులో దెబ్బతీస్తున్నాడని మొత్తుకున్నాడు. ఒక నగరం యుద్ధవ్యూహాన్నే తారుమారు చేసిన గాలి అది. అందులో మీ అమ్మగారు తెల్లవార్లూ కూర్చున్నారు. దేన్ని ఆనుకుని కూర్చున్నారు? తలకు ఏం చుట్టుకున్నారు? పోర్టారా ఉన్న దీవికి వెళ్లే గట్టు మీద అలలు విరుచుకుపడుతుంటే ఆమెకు భయం వేసిందా, ముచ్చటేసిందా? నీ స్నేహితులు నిద్రలో ఏ సంచి మీద తల పెట్టుకున్నారు? పిన్ని మధ్యలో లేచి “అక్కా, నువ్వు కాసేపు పడుకో” అన్నదా? ఇవేవీ నీకు యాత్రలో భాగంగా తోచలేదు. ఆ రాత్రి ఈ పుస్తకానికి గుండెకాయ అని నేనంటాను.

నా నమ్మకం ఒకటే, ఎన్ని దశాబ్దాలైనా మారలేదు. కలిసి నడిచినవాళ్లే యాత్రాకథనానికి విషయం. ఊరు, గుడి, కొండ అందరికీ కనిపిస్తాయి. మోకాలు నొప్పి పుట్టిన మనిషి పక్కన నడిచినప్పుడే మెట్టు ఎత్తెంతో తెలుస్తుంది. అన్నం దొరకక విసుక్కున్న మనిషి పక్కనుంటేనే ఆ ఊరి వంటిల్లు ఎలాంటిదో తెలుస్తుంది.

నువ్వు వాళ్లను ఎందుకు చెరిపేశావో నాకు తెలుసు. ఒంటరి ప్రయాణం ఇప్పుడు గొప్ప. భుజాన సంచి వేసుకుని, ఎవరూ లేని దారిలో వెళ్లి తనను తాను కనుగొన్నానని రాయాలి. అమ్మతో వెళ్లినవాడు ఏం కనుగొంటాడని పాఠకుడు అనుకుంటాడేమోనన్న బెరుకు నీ ప్రతి పేజీలో కనిపిస్తోంది. ఈ ఫ్యాషను నాకు పడదు. నిజంగా ఒంటరిగా వెళ్లినవాడు ఒంటరిగానే రాయాలి, దానికి నేను నమస్కరిస్తాను. ఆరుగురితో వెళ్లి ఒంటరితనం రాయడం అబద్ధం.

గ్రీసు వెళ్లివచ్చినవాడివి, హోమర్‌ను తలచుకో. అతని ఒడిస్సీ కావ్యంలో ఒడిస్సియస్ తోటివాళ్లందరినీ పోగొట్టుకుని ఇల్లు చేరాడు. ఒంటరి ప్రయాణం రాసుకునే హక్కు ఎవరికైనా ఉంటే అతనికే ఉంది. అయినా కావ్యం మొదటి పంక్తుల్లోనే ఆ తోటివాళ్లు కనిపిస్తారు. వాళ్లలో ఎల్పెనోర్ అని అందరికంటే చిన్నవాడు. యుద్ధంలో మొనగాడు కాడు, బుద్ధీ అంతంతమాత్రమే అని హోమరే చెబుతాడు. సిర్సీ అనే మంత్రగత్తె ఇంటి కప్పు మీద తాగి పడుకుని, ప్రయాణపు సందడికి ఉలిక్కిపడి లేచి, నిచ్చెన సంగతి మరచి కిందపడి చనిపోయాడు. తొందరలో అతన్ని అలాగే వదిలి బయలుదేరారు. మృతుల లోకంలో ఒడిస్సియస్‌కు మొట్టమొదట ఎదురైన ఆత్మ అతనిదే. నన్ను దహనం చెయ్యి, సముద్రపు ఒడ్డున దిబ్బ వెయ్యి, నేను మీతో కలిసి వేసిన తెడ్డు దాని మీద నాటు అని అడుగుతాడు. ఒడిస్సియస్ వెనక్కి వెళ్లి ఆ పని చేసి మరీ ముందుకు కదిలాడు. ఏ ఘనకార్యమూ చేయని కుర్రవాడికి కావ్యంలో అంత చోటు!

మన దగ్గరా ఆ దారి ఉంది. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరింది ఒంటరిగా కాదు, పెద్ద పరివారంతో. మజిలీ మజిలీకి నీళ్లెలా ఉన్నాయి, అంగళ్లున్నాయా, దిగడానికి చోటుందా, బోయీలు ఏమయ్యారు అని స్నేహితుడికి రాసి పంపాడు. అంతమందికి రేపు తిండి, నీడ చూడవలసిన మనిషి చూపు అది. అందుకే ఇప్పటికీ చదువుతున్నాం.

నా సంగతి చెబుతాను. చాలా ఏళ్ల కిందట కుటుంబమంతా బస్సు మాట్లాడుకుని బదరీ వెళ్లాం. దారిలో కొండచరియ విరిగిపడి, జోషీమఠ్ దగ్గర ఆగిపోయాం. మా తోటికోడలు రోడ్డు పక్కన కిరసనాయిలు స్టవ్వు వెలిగించి బస్సులోని వాళ్లందరికీ ఉప్మా చేసింది. వెనక ఆగిన లారీ డ్రైవర్లకు కూడా పెట్టింది. ఆ యాత్ర రాసి ఒక వారపత్రికకు పంపాను. అచ్చులో గుడి ఎత్తు, తెరిచే నెలలు, వసతి సౌకర్యాల పట్టిక మిగిలాయి. మా తోటికోడలు లేదు. సంపాదకుడి దగ్గరకు వెళ్లి అడిగితే, “పాఠకులకు క్షేత్ర మాహాత్మ్యం కావాలమ్మా, మీ ఇంటి వంటలు కాదు” అన్నాడు. క్షేత్రానికి మమ్మల్ని చేర్చింది ఆ వంటే అని చెప్పాను. ఆ తరువాత నేను పంపినవేవీ ఆ పత్రికలో రాలేదు. ఇప్పటికీ ఆదివారం అనుబంధాల్లో ఆ పట్టిక చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. దుద్దులు తాకట్టు పెట్టి పుస్తకం నేనే వేసుకున్నాను. మా తోటికోడలు చదివి, ఆ రోజు పడింది వాన కాదు మంచు అని వాదించింది. నేను చూసింది వానే. రెండో ముద్రణలో ఇద్దరి మాటా ఉంచాను. ఆ పుస్తకం గురించి ఉత్తరాలు రాసినవాళ్లంతా ఆమె గురించే అడిగారు.

క్రీటులో సమారియా లోయ నువ్వు దిగావు కదా, నేనూ దిగాను, మా వియ్యపురాలితో కలిసి. హనియా నుంచి తెల్లవారుజామున బస్సు, ఒమాలోస్ పీఠభూమి మీద పన్నెండు వందల మీటర్లకు పైబడిన ఎత్తులో క్సిలోస్కాలో దగ్గర మొదలు, పదహారు కిలోమీటర్ల దూరాన ఆగియా రూమెలిలో సముద్రం. అంతా దిగుడే. బరువు మొత్తం కాలివేళ్ల మీద పడుతుంది. పిల్లల పెళ్లయిన నాటి నుంచి మేమిద్దరం “రండి వదినగారూ, కూర్చోండి వదినగారూ” అనే మర్యాద దాటి ఎరగం. ఆ లోయలో ఆమె నా మోచేయి పట్టుకుంది. సగం దారిలో సమారియా ఊరు వస్తుంది. 1962లో లోయను జాతీయ ఉద్యానం చేసినప్పుడు ఊరివాళ్లను ఖాళీ చేయించారు, ఇళ్లు మిగిలాయి. అక్కడ రాతి అరుగు మీద కూర్చుని, తన అత్తవారి ఊరు జలాశయంలో మునిగిన సంగతి మొదటిసారి చెప్పింది. ఖాళీ అయిన ఊరు అంటే ఏమిటో ఆమె పక్కన ఉండబట్టి నాకు తెలిసింది.

నీ అధ్యాయంలో అక్కడి అడవి మేకలున్నాయి, ఇనుప ద్వారాలని పేరున్న ఇరుకు గండి ఉంది. ఒక్క సంగతి లేదు. లోపలికి వెళ్లేటప్పుడు కొన్న టికెట్టును చివరిదాకా దాచుకోమంటారు. బయటకు వచ్చేచోట దాన్ని చూస్తారు, చీకటిపడేలోగా లోపల ఎవరూ చిక్కుకుపోలేదని తేల్చుకోవడానికి. నీ పుస్తకం చివరి పేజీ దగ్గర అలా ఒక మనిషి నిలబడి ఆరుగురి టికెట్లూ అడిగితే ఏం చూపిస్తావు?

ఇంకొన్ని చోట్ల కూడా ఆగాను. మీ అమ్మగారు మాంసం ముట్టరని ఉత్తరంలో అన్నావు, పుస్తకంలో ఆమె ఏం తిన్నారో చెప్పలేదు. గ్రీసులో చర్చి ఉపవాస దినాల వంట ఒకటుంది, నిస్తీసిమో అంటారు. మాంసం, పాలు, గుడ్లు ఉండవు. ఉడికించిన ఆకుకూర మీద ఆలివ్ నూనె, నిమ్మరసం వేసి పెడతారు. సాంతోరినిలో ఫావా అని పసుపుపచ్చని పప్పు మెత్తగా ఉడికించి, ఉల్లిపాయ ముక్కలు, నూనె వేసి ఇస్తారు. అది తిన్న తెలుగు తల్లి ముద్దపప్పు అనకుండా ఉండదు. మీ అమ్మగారు అన్నారా? అక్రోతిరిలో, మూడువేల ఆరువందల ఏళ్ల నాటి అగ్నిపర్వతపు బూడిద కింద దొరికిన ఊళ్లో, కుండలు వరసగా ఉన్నాయి, మంచాలున్నాయి, మనుషుల అస్థికలు మాత్రం దొరకలేదు. ముందుగానే సర్దుకుని వెళ్లిపోయారు. అది చూసి పిన్ని ఏమన్నది? ఏదో ఒకటి అనే ఉంటుంది.

ఫొటోలు ఎన్ని వేయాలి, ముందుమాట ఎవరితో రాయించాలి, ఏ ప్రచురణకర్తను అడగాలి అని రాశావు. వాటి జోలికి నేనిప్పుడు పోను. పేరు మార్చాలా అన్నావు, తరువాత చూద్దాం.

ఈ ఉత్తరం అందాక మీ అమ్మగారినీ పిన్నినీ కూర్చోబెట్టి నక్సోస్ రాత్రి గురించి అడుగు. నువ్వు మధ్యలో అందుకోవద్దు, తేదీలు సరిదిద్దవద్దు. వాళ్లిద్దరి జ్ఞాపకాలూ కలవకపోతే రెండూ రాసుకో. నీ స్నేహితుల్లో నీతో మాట పడినవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లకూ ఫోను చెయ్యి. ఆ అధ్యాయం ఒక్కటే కొత్తగా రాసి పంపు. పోర్టారాకు ఒక్క పేరా ఇస్తాను, అంతకుమించి వద్దు. దసరాలోగా పంపితే పండుగ సెలవుల్లో చదువుతాను. అక్షరాలు ఇంకాస్త పెద్దవిగా అచ్చు తీయించు, ఈసారి చదవడానికి భూతద్దం వాడవలసి వచ్చింది. మీ అమ్మగారికి నా నమస్కారాలు చెప్పు.