బట్టల కొట్టు నుంచి వైట్‌హౌస్‌కు: ట్రూమన్‌పై పాఠకుల ప్రశ్నలు

గత సంచికలో హిరోషిమాపై అడిగిన ప్రశ్నకు జవాబిస్తూ, అణుబాంబు ప్రయోగించిన నాటి అమెరికా అధ్యక్షుడు హ్యారీ ట్రూమన్‌ను ఒక్క వాక్యంలో ప్రస్తావించి ముందుకు సాగిపోయాను. ఆ ఒక్క వాక్యం ఇన్ని ఉత్తరాలు తెచ్చిపెడుతుందని అనుకోలేదు. వాటిలో ఏడింటికి ఇక్కడ జవాబిస్తున్నాను. ఒకే సంగతి పలువురు అడిగినచోట ఒక ఊరి పేరు మాత్రమే ఇచ్చాను.

ప్రశ్న: ట్రూమన్‌కు కాలేజీ డిగ్రీ లేదంటారు, నిజమేనా? ఆయన పేరు మధ్యలో ఉన్న 'ఎస్' దేనికి పొడి అక్షరం? (తెనాలి)

జవాబు: నిజమే. ఆయన తరువాత ఇంతవరకు డిగ్రీ లేని అధ్యక్షుడు రాలేదు. 1884 మే 8న మిస్సోరీ రాష్ట్రంలోని లమార్‌లో పుట్టి, ఇండిపెండెన్స్ అనే ఊళ్లో పెరిగారు. తండ్రి ధాన్యం ధరల మీద జూదంలాంటి బేరాలు చేసి ఆస్తి పోగొట్టుకోవడంతో కాలేజీ చదువు సాగలేదు. సైనిక విద్యాలయమైన వెస్ట్‌పాయింట్‌కు వెళ్దామంటే చూపు ఆనదు. కళ్లద్దాలు తీస్తే ఎదుటి మనిషి పోల్చుకోలేనంత మసక. అయినా 1905లో నేషనల్ గార్డ్‌లో చేరడానికి, కంటి పరీక్ష అక్షరాల పట్టీని ముందే కంఠస్థం చేసి గట్టెక్కారని చెబుతారు. రైల్వే పనుల్లో హాజరు గుమాస్తాగా, బ్యాంకు గుమాస్తాగా పనిచేసి, 1906 నుంచి పదేళ్లకు పైగా గ్రాండ్‌వ్యూలోని పొలంలో సేద్యం చేశారు. చాలాకాలం తరువాత, ముప్ఫై తొమ్మిదో ఏట, రాత్రి తరగతుల్లో లా చదవడం మొదలుపెట్టి మధ్యలో మానేశారు.

ఇక 'ఎస్' దేనికీ పొడి అక్షరం కాదు. ఒక తాత పేరులో షిప్ ఉంది, మరొక తాత పేరు సాలమన్. ఏ వైపు వారూ నొచ్చుకోకుండా తల్లిదండ్రులు ఉత్త అక్షరంతో సరిపెట్టారు. మనుమడికి ఎవరి పేరు పెట్టాలన్న పేచీ ఎరిగిన ఇళ్లవారికి ఈ ఉపాయం వింతగా తోచదు.

ప్రశ్న: వ్యాపారంలో దివాలా తీసిన మనిషి, అవినీతి ముఠా అండతో పైకొచ్చిన మనిషి అని ఒకచోట చదివాను, నిజాయితీకి మారుపేరని మరొకచోట చదివాను. ఏది నమ్మాలి? (వరంగల్)

జవాబు: రెండూ నమ్మవలసిందే. అందుకే ఈ ప్రశ్నకు కొంత వివరంగా రాస్తున్నాను.

మొదటి ప్రపంచయుద్ధంలో ట్రూమన్ ఫ్రాన్సులో ఒక ఫిరంగి దళానికి కెప్టెన్‌గా పనిచేశారు. యుద్ధం నుంచి తిరిగివచ్చి, 1919 జూన్‌లో చిన్ననాటి నుంచి ఎరిగిన బెస్ వాలెస్‌ను పెళ్లాడి, ఆ ఏడాది చివర సైన్యంలో తనతోపాటు క్యాంటీన్ నడిపిన ఎడ్డీ జాకబ్‌సన్‌తో కలిసి కాన్సాస్ సిటీలో మగవారి చొక్కాలు, టైలు అమ్మే కొట్టు తెరిచారు. ఏడాదిపాటు బేరం బాగానే సాగింది. తరువాత ధరలు పడిపోయి, హెచ్చు ధరకు కొన్న సరుకు అలమరల్లోనే మిగిలిపోయి, 1922లో కొట్టు మూతపడింది. భాగస్వామి జాకబ్‌సన్ 1925లో, మన వాడుకలో చెప్పాలంటే, ఐపీ పెట్టారు. ట్రూమన్ పెట్టలేదు. కొన్ని అప్పులను పూర్తిగానూ, కొన్నిటిని రాజీపడి తగ్గించిన మొత్తానికీ, దాదాపు పదిహేనేళ్లపాటు తీరుస్తూనే వచ్చారు. కాబట్టి కొట్టు మునిగిన మాట నిజమే గాని, చట్టం ప్రకారం ఆయన దివాలా తీయలేదు.

ముఠా సంగతి కూడా నిజమే. కాన్సాస్ సిటీలో డెమొక్రాటిక్ పార్టీ ముఠా నాయకుడు టామ్ పెండర్‌గాస్ట్ మాట లేనిదే ఉద్యోగం గాని, కాంట్రాక్టు గాని, పార్టీ టిక్కెట్టు గాని దొరకని రోజులవి. సైన్యంలో పరిచయమైన పెండర్‌గాస్ట్ బంధువు ద్వారానే 1922లో ట్రూమన్‌కు జాక్సన్ కౌంటీ జడ్జి పదవికి టిక్కెట్టు వచ్చింది. ఇక్కడ పేరు చూసి పొరబడకూడదు. ఆ జడ్జి తీర్పులు చెప్పడు. రోడ్లు, వంతెనలు, పన్నులు చూసే, మన జిల్లా పరిషత్తు పెద్దలాంటివాడు. 1924లో ఓడిపోయి, 1926లో ప్రధాన జడ్జిగా గెలిచి ఎనిమిదేళ్లు ఉన్నారు. 1928లో రోడ్ల కోసం ప్రజల ఆమోదంతో 65 లక్షల డాలర్ల బాండ్లు తెచ్చి, కాంట్రాక్టులను పెండర్‌గాస్ట్ మనుషులకు కట్టబెట్టకుండా తక్కువ ధర వేసినవారికే ఇచ్చారు. అయితే కింది ఉద్యోగాల్లో ముఠా మనుషులను చేర్చుకోక తప్పలేదని, పెద్ద దొంగతనం ఆపడానికి చిన్నవాటిని చూసీచూడనట్టు ఊరుకున్నానని ఆయనే సొంత కాగితాల మీద రాసుకున్నారు. చేతులు పూర్తిగా శుభ్రమని ఆయనే అనుకోలేదు కనుక, మనం అనవలసిన పని లేదు.

1934లో సెనేటర్ అయిందీ ఆ అండతోనే. 1939లో పెండర్‌గాస్ట్ ఆదాయపు పన్ను ఎగవేత కేసులో జైలుకు వెళ్లారు. మరుసటి ఏడాది, తల్లి ఉంటున్న గ్రాండ్‌వ్యూ పొలం అప్పు కింద జప్తయితే సెనేటర్‌గా ఉన్న కొడుకు అడ్డుకోలేకపోయారు. డబ్బు చేసుకోలేదనడానికి నాకు తెలిసి ఇంతకంటే పెద్ద సాక్ష్యం లేదు. 1945 జనవరిలో పెండర్‌గాస్ట్ చనిపోయినప్పుడు, ఉపాధ్యక్షుడై వారం కూడా కాని ట్రూమన్, ఎవరేమనుకున్నా సరేనని సైనిక విమానంలో అంత్యక్రియలకు వెళ్లారు.

ఆ కొట్టు కథకు ఒక కొసరు ఉంది. 1948 మార్చిలో, యూదు నాయకుడు ఖైమ్ వైజ్‌మన్‌ను కలవనని అధ్యక్షుడు భీష్మించుకున్నప్పుడు, పాత భాగస్వామి జాకబ్‌సన్ నేరుగా వైట్‌హౌస్‌కు వచ్చి, గదిలో ఉన్న, ట్రూమన్ ఆరాధించే పూర్వ అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్ బొమ్మను చూపించి, "మీకు ఆయన ఎంతో నాకు వైజ్‌మన్ అంత" అన్న అర్థంలో బతిమాలారు. ట్రూమన్ కాసేపు కిటికీ వైపు చూసి, ఒక ముద్దు తిట్టు తిట్టి ఒప్పుకున్నారు. ఆ మే 14న ఇజ్రాయెల్ ఏర్పడిన 11 నిమిషాలకే అమెరికా దాన్ని గుర్తించింది.

ప్రశ్న: ఉపాధ్యక్షుడికే అణుబాంబు సంగతి తెలియకపోవడం సాధ్యమా? తెలిశాక ఆయన తటపటాయించలేదా? (కాకినాడ)

జవాబు: అప్పటి అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ పాలనలో సాధ్యమే. 1944లో అప్పటి ఉపాధ్యక్షుడు హెన్రీ వాలెస్ పార్టీలోని దక్షిణాది వారికి, నగరాల నాయకులకు గిట్టకపోవడంతో, ఎవరికీ పెద్దగా అభ్యంతరం లేని ట్రూమన్‌ను నిలబెట్టారు. యుద్ధ కాంట్రాక్టుల్లో దుబారాను తవ్వితీసిన సెనేట్ కమిటీకి అధ్యక్షుడిగా ఆయనకు అప్పటికి దేశమంతటా మంచి పేరుంది. ఆ కమిటీ 1943లో, దేనికి కడుతున్నారో ఎవరూ చెప్పని ఒక భారీ కర్మాగారం ఖర్చుపై ఆరా తీయబోతే, యుద్ధమంత్రి స్టిమ్సన్ ఫోన్ చేసి, అది రహస్యం, వదిలేయండని కోరారు. ట్రూమన్ సరేనని వదిలేశారు. అంటే గుమ్మం దాకా వెళ్లి తలుపు తట్టకుండా వెనక్కి వచ్చారు.

ఉపాధ్యక్షుడిగా ఉన్నది 82 రోజులు. 1945 ఏప్రిల్ 12 సాయంత్రం వైట్‌హౌస్ నుంచి కబురు వస్తే వెళ్లారు. రూజ్‌వెల్ట్ భార్య ఎలినార్ ఆయన భుజం మీద చేయి వేసి, అధ్యక్షుడు చనిపోయారని చెప్పారు. మీకు నేనేం చేయగలనని ట్రూమన్ అడిగితే, మేమే మీకేం చేయగలమో చెప్పండి, ఇప్పుడు కష్టంలో పడింది మీరే కదా అని ఆమె అన్నారు. ఏడు దాటిన కాసేపటికి ప్రమాణస్వీకారం. ఆ రాత్రి అందరూ వెళ్లిపోయాక స్టిమ్సన్ ఆగి, ఊహకందని శక్తి గల ఆయుధం ఒకటి తయారవుతోందని రెండు ముక్కల్లో చెప్పారు. పూర్తి వివరాలు తెలిసింది ఏప్రిల్ 25న.

తటపటాయింపు విషయానికొస్తే, వాడాలా వద్దా అని ఆయన రాత్రులు మథనపడినట్టు కాగితాల్లో కనిపించదు. బాంబు తయారైతే వాడడమే అని పైవారంతా అప్పటికే అనుకున్న దారిని ఆయన మార్చలేదు. స్త్రీలూ పిల్లలూ కాదు, సైనిక లక్ష్యాలే గురి కావాలని చెప్పానని జూలై 25న డైరీలో రాసుకున్నారు; అదే రోజు వెలువడిన ఆదేశంలో ఉన్నవి నగరాల పేర్లు. ఆగస్టు 6న హిరోషిమా, 9న నాగసాకి. రెండోదానికి విడిగా అనుమతి అడగడమన్నది లేదు. 1945 చివరికి రెండు నగరాల్లోనూ కలిపి మరణించినవారు రెండు లక్షల వరకు ఉంటారని అంచనా. ఆగస్టు 10న మాత్రం, తన అనుమతి లేనిదే మూడోది వేయవద్దని ఆపారు. మరో లక్షమందిని తుడిచిపెట్టడమన్న ఊహ భరించలేకపోతున్నానని మంత్రులతో అన్నట్టు, అప్పటికి మంత్రిగా ఉన్న వాలెస్ డైరీలో ఉంది. జీవితాంతం బయటికి పశ్చాత్తాపం ప్రకటించలేదు. వెంటనే నిర్ణయించి వెనక్కి చూడకపోవడం ఆయన బలమని జీవితచరిత్రకారులు మెచ్చుకుంటారు. ఈ ఒక్కచోట అది బలహీనత అని నా అభిప్రాయం.

ప్రశ్న: ఓడిపోయాడని అచ్చయిన పత్రికను నవ్వుతూ పట్టుకున్న ఫొటో కథ చెప్పండి. (అనంతపురం)

జవాబు: ఆ పత్రిక చికాగో ట్రిబ్యూన్, ఎన్నిక 1948 నవంబరు 2ది. ముద్రణ కార్మికుల సమ్మె వల్ల పత్రికను ముందుగా అచ్చుకు పంపవలసివచ్చి, రిపబ్లికన్ డ్యూయీ గెలిచాడని శీర్షిక పెట్టేశారు. న్యూస్‌వీక్ అడిగిన 50 మంది రాజకీయ విలేఖరులూ డ్యూయీయే అన్నారు కనుక తప్పు ఆ ఒక్క పత్రికదే కాదు. డెమొక్రాటిక్ పార్టీ మూడు ముక్కలైంది. నల్లజాతివారి హక్కులకు పార్టీ మొగ్గడం గిట్టని దక్షిణాదివారు థర్మండ్‌ను నిలబెట్టారు; రెండోవైపు వాలెస్ వేరుకుంపటి పెట్టారు. అంతర్యుద్ధంలో దక్షిణాది పక్షాన్ని అభిమానించిన ఇంట్లో పుట్టి, మాటల్లో జాతి దురభిమానం పూర్తిగా వదలని ట్రూమన్, సరిగ్గా ఎన్నికల ముందు జూలై 26న, సైన్యంలో జాతి వివక్షను తొలగించే ఉత్తర్వుపై సంతకం చేయడం మామూలు సంగతి కాదు.

తరువాత రైలెక్కారు. చిన్న స్టేషన్లలో సైతం ఆగి, వెనక పెట్టె వసారాలో నిలబడి, మూడు వందలకు పైగా ప్రసంగాలు చేశారు. ప్రసంగం అయ్యాక తెర పక్కకు జరిపి, "మా ఇంటి యజమాని" అని భార్యనూ, "ఆ యజమానికే యజమాని" అని కూతురు మార్గరెట్‌నూ చూపించేవారు. జనం గొల్లున నవ్వేవారు. బెస్‌కు ఆ పిలుపు బొత్తిగా నచ్చేది కాదు. ఫలితం: ట్రూమన్‌కు 303 ఎలక్టోరల్ ఓట్లు, డ్యూయీకి 189, థర్మండ్‌కు 39. ఫొటో తీసింది ఆయన వాషింగ్టన్‌కు తిరిగివెళ్తుండగా, సెయింట్ లూయిస్ స్టేషన్‌లో.

ప్రశ్న: యుద్ధవీరుడైన మెకార్థర్‌ను ఎందుకు తొలగించారు? (సిద్దిపేట)

జవాబు: కొరియా యుద్ధాన్ని కొరియాకే పరిమితం చేయాలన్నది అధ్యక్షుడి విధానం, చైనా మీదికీ విస్తరించాలన్నది సేనాపతి వాదన. వాదించడం తప్పు కాదు. ప్రతిపక్ష నాయకుడికి ఉత్తరం రాసి ఆ వాదనను చట్టసభలో చదివించుకోవడం తప్పు. 1951 ఏప్రిల్ 11న తొలగింపు ప్రకటన వెలువడింది. దేశం భగ్గుమంది, ట్రూమన్ ఆదరణ ఒక దశలో నూటికి 22కి పడిపోయింది. అయితే ఆ యుద్ధంలోకి 1950లో చట్టసభ అనుమతి తీసుకోకుండా దిగింది కూడా ఈయనే. 1952లో సమ్మె ఆపడానికి ఉక్కు కర్మాగారాలను స్వాధీనం చేసుకుంటే, అధికారం లేదని సుప్రీంకోర్టు 6-3 తేడాతో కొట్టేసింది.

ప్రశ్న: మా తాతగారు చెప్పే "అమెరికా గోధుమలు" ట్రూమన్ పంపినవేనా? (గుంటూరు)

జవాబు: రేషన్ షాపు వరుసల్లో మన పెద్దలకు గుర్తున్నవి బహుశా 1954లో, ట్రూమన్ తరువాతి అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ కాలంలో వచ్చిన పి.ఎల్. 480 చట్టం కింద దిగుమతైన గోధుమలు. ట్రూమన్‌వి అంతకుముందువి. 1949 అక్టోబరులో నెహ్రూ అమెరికా వెళ్లినప్పుడు మర్యాదలు ఘనంగా జరిగాయి గాని మనసులు కలవలేదు. తరువాత కరువు ముంచుకొచ్చి మనదేశం ధాన్యం అడిగితే, కొరియాపై మన వైఖరి నచ్చని అమెరికా సభ్యులు నెలల తరబడి నాన్చారు; అణు ఇంధనానికి పనికొచ్చే థోరియం ఉన్న తిరువాన్కూరు తీరపు మోనజైట్ ఇసుకపై మన ఎగుమతి నిషేధాన్ని కూడా మధ్యలోకి లాగారు. ఉచిత సహాయంగా మొదలైన ప్రతిపాదన చివరికి 19 కోట్ల డాలర్ల అప్పుగా మారి, 20 లక్షల టన్నుల ధాన్యం కోసం 1951 జూన్ 15న ట్రూమన్ సంతకంతో చట్టమైంది.

ప్రశ్న: పదవి దిగాక బీదరికంలో బతికారన్నది నిజమా? (హైదరాబాద్)

జవాబు: సగమే నిజం. 1953 జనవరిలో రైలెక్కి ఇండిపెండెన్స్‌లోని అత్తవారింటికి చేరుకున్నప్పుడు ఆయనకు ప్రభుత్వం నుంచి వచ్చేది నెలకు 112 డాలర్ల 56 సెంట్ల సైనిక పింఛను మాత్రమే. మాజీ అధ్యక్షులకు అప్పటికి పింఛను లేదు; 1958 చట్టంతో ఏటా 25,000 డాలర్లు ఏర్పాటైంది. కాని ఈలోగా స్వీయచరిత్ర హక్కులకు 6 లక్షల డాలర్లకు ఒప్పందం కుదిరింది, పన్నులు పోగా మిగిలింది తక్కువేనని ఆయన వాపోయినా. పొలం అమ్మకం వల్లా సొమ్ము వచ్చింది. పస్తులున్నారన్నది కట్టుకథ.

1945 నవంబరులో ఆయన ప్రజలందరికీ ఆరోగ్య బీమా కావాలని చట్టసభను కోరారు. వైద్యుల సంఘం ఎదురుతిరగడంతో అది మూలపడింది. ఇరవై ఏళ్లకు, 1965 జూలై 30న, అధ్యక్షుడు లిండన్ జాన్సన్ వృద్ధుల వైద్య బీమా చట్టంపై సంతకం చేయడానికి వాషింగ్టన్ విడిచి ఇండిపెండెన్స్‌కే వచ్చారు. మొదటి కార్డు అప్పటికి ఎనభై ఒక్కేళ్ల ట్రూమన్‌కు, రెండోది బెస్‌కు దక్కాయి.