లాస్ వేగాస్‌కు పర్యాటకులు తగ్గడానికి విదేశీ కాసినోలే కారణమా?

కొంతవరకు అవును. నెవాడా రాష్ట్రం 1931లో జూదాన్ని చట్టబద్ధం చేసిన తరువాత, 1978లో అట్లాంటిక్ సిటీలో కాసినో తెరుచుకునే వరకు, అమెరికాలో వేగాస్‌కు చెప్పుకోదగ్గ పోటీ లేదు. 2006లో జూదపు ఆదాయంలో చైనాలోని మకావ్, వేగాస్‌లో పెద్ద కాసినోలు బారులు తీరిన వీధి అయిన స్ట్రిప్‌ను దాటిపోయింది. మకావ్‌లోనూ సింగపూర్‌లోనూ భారీ రిసార్టులు కట్టిన లాస్ వేగాస్ శాండ్స్ సంస్థ, 2022లో స్ట్రిప్ మీది తన వెనీషియన్ రిసార్టును అమ్మేసి వ్యాపారాన్ని పూర్తిగా ఆసియాకు మార్చుకుంది. ఊరి పేరు మాత్రం సంస్థ పేరులో మిగిలింది.

అయితే 2025లో సందర్శకులు తగ్గడానికి, నా దృష్టిలో, స్వయంకృతం కూడా తోడైంది. పేకాటలో 10 డాలర్ల పందెం మీద బ్లాక్‌జాక్ (తొలి రెండు ముక్కలకే 21) పడితే పూర్వం 15 డాలర్లు గెలిచేవారు. స్ట్రిప్‌లోని చాలా బల్లల దగ్గర ఇప్పుడు 12 మాత్రమే ఇస్తున్నారు. గది అద్దెకు తోడు సౌకర్యాల పేరిట తప్పనిసరిగా వసూలు చేసే రిసార్ట్ ఫీజు, చాలాచోట్ల పార్కింగ్ రుసుము వేరు. కెనడా నుంచి రాకపోకలు పడిపోవడమూ దెబ్బతీసింది.

స్ట్రిప్ ఆదాయంలో సగానికి పైగా గదులు, భోజనం, ప్రదర్శనల నుంచే వస్తుంది కనుక, 2023లో స్ఫియర్ అనే భారీ గోళాకార ప్రదర్శనశాలను తెరవడం, ఫార్ములా వన్ పోటీని వీధుల్లోకి తేవడం సబబే. ఇక జపాన్‌లోని ఒసాకాలో ఎంజీఎం సంస్థ, యూఏఈలోని రస్ అల్ ఖైమాలో విన్ సంస్థ నిర్మిస్తున్న రిసార్టులు తెరుచుకుంటే, వేగాస్‌కు పోటీ వేగాస్ సంస్థల నుంచే పెరుగుతుంది.