తొమ్మిదేళ్ళ కుక్కను ఇంటికి తెచ్చుకోవచ్చా?

మీరు అడిగింది ఇది: నాన్నగారు రిటైరయ్యారు, తోడుగా ఒక కుక్క కావాలంటున్నారు. షెల్టర్‌లో తొమ్మిదేళ్ళ కుక్క మీకు నచ్చింది. కానీ ఏడాదో రెండేళ్ళో ఉండి పోతే ఆయన తట్టుకోగలరా అని మీ భయం.

తెచ్చుకోండి. మాది విశాఖలో సీతమ్మధార. ఇప్పుడు మా ఇంట్లో ఉన్నది రెండో ముసలి కుక్క. మొదటివాణ్ణి తెచ్చేటప్పుడు మాకూ సరిగ్గా ఇదే భయం ఉండేది, అందుకే వాడి గురించి వివరంగా చెప్తాను.

2021 జనవరిలో హనుమంతవాక జంక్షన్ దగ్గర వాణ్ణి ఎవరో వదిలేసి పోయారు. మనం పామేరియన్ అని పిలుస్తాం కదా, ఆ తెల్ల బొచ్చుకుక్క. నిజానికి మన దగ్గర ఆ పేరుతో పెరిగేవి ఎక్కువగా ఇండియన్ స్పిట్జ్‌లు. మెడ చుట్టూ బెల్టు ఒరిసిన గుర్తు ఉంది కాబట్టి ఇన్నాళ్ళూ ఎవరింట్లోనో పెరిగినవాడే. పెంచిన జంతువును ఆకలిదప్పులకు వదిలేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద నేరం. అయినా వయసైపోయిందనో, ఇల్లు మారుతున్నామనో రోడ్డు మీద దించేస్తూనే ఉన్నారు. నాకు ఇప్పటికీ కోపం తగ్గని విషయం అది. రెస్క్యూ చేసిన కుర్రాళ్ళ దగ్గర నుంచి వాణ్ణి మేం తెచ్చుకున్నాం. పళ్ళు చూసి డాక్టరుగారు పదేళ్ళ పైమాటే అన్నారు.

"ఏటమ్మా ఇది, తెచ్చేదేదో పిల్లని తేవచ్చు కదా. ఇది ఎన్నాళ్ళు బతుకుద్ది?" అంది మా అత్తయ్య.

బంటి అని పేరు పెట్టాం. పిలిస్తే పలికేవాడు కాదు. అలిగాడనుకున్నాం, భయపడుతున్నాడనుకున్నాం. నాలుగో రోజు వాడి పక్కనే కుక్కర్ విజిల్ వేస్తే చెవి కూడా కదపలేదు. అప్పుడు అర్థమైంది, వాడికి వినపడదని. ముసలి కుక్కల్లో ఇది మామూలే. అలాంటి కుక్క నిద్రపోతున్నప్పుడు వెనక నుంచి వెళ్ళి ముట్టుకోకూడదు. మా అబ్బాయి అలా నిమరబోతే ఉలిక్కిపడి చెయ్యి పట్టేశాడు. చర్మం కాస్త గీసుకుంది, టీకా వేయించాం. కుక్క కోపిష్టిదేమో అని ఇంట్లో రెండు రోజులు టెన్షన్. కానీ అది కోపం కాదు, భయం. తర్వాత నుంచి దగ్గరికి వెళ్ళే ముందు నేల మీద కాలితో మెల్లగా తట్టేవాళ్ళం. ఆ అదురు తెలిసి తల ఎత్తేవాడు. "రా" అంటే చేత్తో పిలవడం, "తిందువుగాని" అంటే గిన్నె చూపించడం. రెండు వారాల్లో అన్నీ నేర్చేసుకున్నాడు. ముసలి కుక్కకి ఏదీ నేర్పలేమని ఎవరైనా అంటే నమ్మకండి.

మొదటి మూడు రోజులు సోఫా కిందే. తర్వాత రోజంతా గేటు వైపే మొహం పెట్టుకుని కూర్చునేవాడు. పాతవాళ్ళు వస్తారని చూస్తున్నాడని మాకు తెలుసు, ఎలా ఓదార్చాలో తెలిసేది కాదు. మూడు రోజులు భయం, మూడు వారాలు అలవాటు, మూడు నెలలకి సొంతిల్లు అని రెస్క్యూ వాళ్ళు ఒక లెక్క చెప్తారు. ఉజ్జాయింపు లెక్కే, కానీ మా ఇంట్లో దాదాపు అలాగే జరిగింది. ఇరవయ్యో రోజు అనుకుంటా, అత్తయ్య కింద కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తోంది. వాడు మెల్లగా వచ్చి ఆవిడ పాదం మీద గడ్డం ఆనించి పడుకున్నాడు. చిక్కుళ్ళు అయిపోయాక కూడా ఆవిడ చాలాసేపు కాలు కదపలేదు. ఆ రోజు నుంచి గేటు వైపు చూడటం తగ్గింది.

ఆరోగ్యం సంగతి మాత్రం దాచకుండా చెప్తాను. తెచ్చిన వారంలోనే రక్త పరీక్ష చేయించండి. కాలేయం, మూత్రపిండాలు ఎలా ఉన్నాయో చూడాలి. గోమార్ల వల్ల వచ్చే జ్వరం ఉందేమో కూడా చూడమనండి, మన సముద్రపు ఉక్కలో గోమార్లు తగ్గవు. ఆడ కుక్క అయితే గర్భసంచి ఆపరేషన్ అయిందో లేదో అడగండి. చేయించని ఆడకుక్కలకి పెద్ద వయసులో గర్భసంచిలో చీము పట్టే ప్రమాదం ఉంటుంది, ఆలస్యమైతే ప్రాణం మీదకి వస్తుంది. కళ్ళలో నీలి మబ్బులా కనిపిస్తే గుడ్డిదైపోయిందని కంగారు పడొద్దు, వయసుతో కటకం అలా మారుతుంది, చూపు చాలావరకు ఉంటుంది. శుక్లమో కాదో డాక్టరు లైటు వేసి చెప్తారు. మాకు మొదటి నెల పరీక్షలు, పళ్ళు శుభ్రం చేయడం, మందులు కలిపి దాదాపు తొమ్మిది వేలు అయ్యాయి.

అసలు సమస్య దగ్గుతో మొదలైంది. రాత్రిళ్ళు దగ్గేవాడు. ఒక క్లినిక్‌లో మామూలు దగ్గని సిరప్ ఇచ్చి పంపేశారు. నెల పోయింది. ఇంకో డాక్టరుగారు గుండె విని, చప్పుడులో తేడా ఉంది, ఎక్స్‌రే, ఎకో తీయిద్దాం అన్నారు. గుండె కవాటం సరిగ్గా మూసుకోవడం లేదు. చిన్న జాతి కుక్కలకి ముసలితనంలో ఎక్కువగా వచ్చే గుండె జబ్బు ఇదే. నయం కాదు, మందులతో అదుపులో ఉంటుంది. అప్పుడు ఆయన ఒక మాట చెప్పారు: కుక్క గాఢంగా నిద్రపోతున్నప్పుడు నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో లెక్కపెట్టండి, 30 లోపు ఉంటే ఫర్వాలేదు, అది దాటుతూ పోతుంటే వెంటనే ఫోన్ చేయండి.

ఆ పని మా మావయ్యగారు తీసుకున్నారు. పోర్టులో పనిచేసి రిటైరయ్యారు. రిటైరయ్యాక పొద్దున్న పేపరు, సాయంత్రం టీవీ తప్ప ఇంకేం పట్టించుకోని మనిషి. అలాంటిది ఒక పాత డైరీ తీసి, రోజూ రాత్రి పదింటికి వాడి పక్కన స్టూలు వేసుకుని, చేతి గడియారం చూస్తూ లెక్కపెట్టి రాసేవారు. తేదీ, ఊపిరి సంఖ్య, మందు ఇచ్చిన టైము, ఏం తిన్నాడు. గుండె మందులతో పాటు నీరు లాగేసే మాత్ర ఉండేది, దాంతో రాత్రి రెండింటికి వాడికి బయటికి వెళ్ళాల్సి వచ్చేది. అదీ ఆయనే. "నాకెలాగూ ఆ టైముకి మెలకువ వస్తుంది" అనేవారు. మీ నాన్నగారి గురించి చదవగానే నాకు ఆ డైరీ గుర్తొచ్చింది. పెద్దాయనకి కుక్కపిల్ల కష్టం. పరుగులు, కొరుకుళ్ళు, పైగా పద్నాలుగు పదిహేనేళ్ళ బాధ్యత. ముసలి కుక్క ఆయన నడిచినంతే నడుస్తుంది.

నడక అంటే గుర్తొచ్చింది. తెల్లవారుజామున బీచ్ రోడ్డుకి తీసుకెళ్ళేవాళ్ళం. పొడి ఇసుకలో ముసలి కాళ్ళు కూరుకుపోతాయి, అలలు తడిపి వెళ్ళిన గట్టి ఇసుక మీద అయితే హాయిగా నడుస్తాయి. ఎండాకాలం ఆరు దాటకముందే తిరిగొచ్చేయాలి. బొచ్చుకుక్క అయితే వేసవిలో గొరిగించొద్దు, ఆ బొచ్చే ఎండను ఆపుతుంది. మెడ పట్టీ కాకుండా ఛాతీకి కట్టే హార్నెస్ వాడండి. ఇంట్లో మార్బుల్ మీద కాళ్ళు జారతాయి, దారి పొడవునా గోనెపట్టాలు పరిచాం. ఉప్పు లేకుండా ఉడికించిన చికెన్, అన్నం, గుమ్మడికాయ పెట్టేవాళ్ళం. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, చాక్లెట్, ఉడికిన ఎముకలు పెట్టకూడదు. కీళ్ళ నొప్పులని మన మాత్రలు మాత్రం ఎప్పుడూ వేయకండి, పారాసిటమాల్ కూడా కుక్కలకి డాక్టరు చెప్పకుండా ఇవ్వకూడదు.

మీది అపార్ట్‌మెంటు అయితే ఇంకో మాట. కుక్కల్ని పెంచుకోకూడదని అసోసియేషన్లు నిషేధం పెట్టడానికి వీల్లేదని జంతు సంక్షేమ బోర్డు 2015లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. ఎవరైనా గొడవ చేస్తే అవి చూపించండి.

బంటి మా దగ్గర రెండేళ్ళ రెండు నెలలు ఉన్నాడు. 2023 మార్చిలో ఒక రాత్రి డైరీలో 52 అని పడింది. ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు, మర్నాటికి కాస్త తేరుకుంటే ఇంటికి తెచ్చాం. ఆ మధ్యాహ్నం వరండాలో తన పట్టా మీదే పోయాడు. అత్తయ్య పక్కనే ఉంది. ఆనందపురం దగ్గర మా ఆడపడుచు వాళ్ళ జీడితోటలో లోతుగా గొయ్యి తీసి పూడ్చాం.

తట్టుకోగలరా అని అడిగారు కదా. మావయ్యగారు వారం పాటు సరిగ్గా తినలేదు. రాత్రి పదింటికి లేచి వరండాలోకి వెళ్ళి నిలబడేవారు. మేం ఎవరం ఆపలేదు, మాట్లాడించనూ లేదు. నాలుగు నెలల తర్వాత ఆయనే అడిగారు, "ఆ కుర్రాళ్ళ దగ్గర ఇంకో ముసలిది ఏమైనా ఉందేమో కనుక్కోమ్మా" అని. పిల్ల కుక్క కావాలా అంటే వద్దన్నారు. ఇప్పుడున్నది ఆడది, నాటుకుక్క, వచ్చినప్పుడు ఎనిమిదేళ్ళు. గుండె బాగానే ఉంది, అయినా అదే డైరీలో కొత్త పేజీ నుంచి రాస్తున్నారు.

మీరు షెల్టర్‌కి వెళ్ళేటప్పుడు నాన్నగారిని తీసుకెళ్ళండి. వెళ్ళగానే ముట్టుకోవద్దని చెప్పండి. ఒక పక్కకి తిరిగి కూర్చుంటే అదే వచ్చి వాసన చూస్తుంది, ఎంతసేపైనా సరే ఆగండి. వచ్చేటప్పుడు ఆయన వాడిన తువ్వాలు ఒకటి, ఉతకనిది, దాని పక్కలో వేసి రండి. తీసుకొచ్చే రోజుకి ఆ వాసన దానికి అలవాటై ఉంటుంది.