బెరుకు ఉండగానే పంపు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. నాలుగు కథలు పూర్తయి లాప్‌టాప్‌లోనే ఉన్నాయనీ, బెరుకు పోయాక పత్రికలకు పంపుతాననీ రాశావు. అది పోదమ్మాయ్. సంపుటాలు వేసుకున్నవాళ్ళకీ కొత్త కథ పంపేటప్పుడు గుండె దడదడలాడుతుంది. దడ తగ్గితేగానీ మెయిలు కదలదన్న నియమం మాత్రం ఎక్కడా లేదు. జపాన్‌లో షోమా మొరిటా (1874–1938) అనే మానసిక వైద్యుడి చికిత్సంతా దాదాపు ఇదే. భయాన్ని దాని మానాన ఉండనిచ్చి, చేయాల్సిన పని చేయించేవాడు.

రాయడం దగ్గర ఆగిపోయేవాళ్ళకు రెండు మాటలు చాలు. "రోజూ రాస్తాను" అనుకుంటే సాగదు. రాత్రి గిన్నెలు సర్దేశాక, ఫలానా బల్ల దగ్గర, ఇరవై నిమిషాలు అని ముందే తేల్చుకోవాలి. మర్నాడు మొదటి పేజీ తెరవకు. తెరిచావా, ఆ రాత్రంతా మొదటి పేరానే దిద్దుతూ కూర్చుంటావు. చివరి మూడు వాక్యాలు చదువుకుని ముందుకు పో. పాత్ర పేరు కుదరకపోతే చుక్కలు పెట్టి వదిలెయ్.

నీ చిక్కు పంపడం దగ్గర కదా, అక్కడికే వస్తాను. తగిలే మొదటి గుంట: "ఎలా ఉందో చూద్దాం" అని కథని ఫేస్‌బుక్‌లో పెట్టడం. చాలా పత్రికల లెక్కలో అది ప్రచురణే. యాభై లైకులొస్తాయి, కథ ఇక పత్రికకు పనికిరాదు. అభిప్రాయం కావాలంటే ఇద్దరికి పంపు, "ఎలా ఉంది?" అని మాత్రం అడక్కు. "ఎక్కడ చదవడం ఆపాలనిపించింది?" అని అడిగితే పనికొచ్చే జవాబొస్తుంది.

దిద్దడం ఎక్కడ ఆపాలంటావా? కథని వారం రోజులు పక్కన పెట్టి, పైకి చదువు. నాలుక తడబడిన సంభాషణలు సరిచెయ్. మొన్న కొట్టేసిన మాటనే ఇవాళ మళ్ళీ చేరుస్తున్నావంటే ఇక దిద్దుతున్నది కథని కాదు, భయంతో కాలక్షేపం చేస్తున్నావన్నమాట.

ఇక పంపే రోజు. పత్రిక నిబంధనలు చూసి, పదాల పరిమితి దాటకుండా చూసుకో. యూనికోడ్‌లో టైపు చేసిన వర్డ్ ఫైలు పంపు. పాత డీటీపీ ఫాంట్లలో కొట్టింది అవతలివాళ్ళ కంప్యూటర్లో పిచ్చిగీతల్లా కనిపించొచ్చు. పేజీల ఫొటోలు పంపితే చదివే ఓపిక ఎవరికీ ఉండదు. హామీపత్రంలో నాలుగు ముక్కలు చాలు: కథ నా సొంతం, అనువాదమో అనుకరణో కాదు, ఎక్కడా ప్రచురితం కాలేదు, మరెక్కడా పరిశీలనలో లేదు. ఈ చివరిది నిజంగా నిజమవ్వాలి. ఒకే కథ రెండు చోట్లా అచ్చయితే ఇద్దరు సంపాదకులూ నిన్ను గుర్తుపెట్టుకుంటారు, మంచిగా కాదు.

మెయిల్లో సంజాయిషీలొద్దు. "కొత్తదాన్ని, తప్పులుంటే మన్నించండి" అన్న వాక్యం చేసే మేలేమీ లేదు. కథ పేరు, నీ పేరు, ఫోన్ నంబరు, చిరునామా చాలు. అన్నీ జతచేశాక చివరగా పత్రిక ఈమెయిలు చిరునామా కొట్టు. శుక్రవారం రాత్రి తొమ్మిది అనుకుంటే, తొమ్మిదికి చేతులు చల్లబడినా సరే, నొక్కెయ్. తర్వాత ఫైలు తెరవకు. తెరిస్తే అచ్చుతప్పు కనబడి తీరుతుంది.

ఒక నోటుబుక్కులో కథ పేరు, పత్రిక, పంపిన తేదీ రాసుకో. పక్కన, తిరిగొస్తే వెళ్ళాల్సిన రెండో పత్రిక పేరు ఇప్పుడే రాసిపెట్టు. తిరిగొచ్చిన రోజున ఆలోచించే ఓపిక ఉండదు. పత్రిక గడువేదీ చెప్పకపోతే మూడు నెలలాగి, ఒక్క లైను మెయిలు పెట్టొచ్చు. అప్పటికీ ఉలుకూ పలుకూ లేకపోతే, కథని వెనక్కి తీసుకుంటున్నానని రాసి రెండో చోటికి పంపు.

నీ కథల్ని మహా కథలతో పోల్చి కుంగిపోతున్నట్టున్నావు. శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో నెలకొల్పిన కథానిలయం అనే కథల గ్రంథాలయానికి వెబ్‌సైటుంది, పాత పత్రికల కథలు స్కాన్ చేసి పెట్టారు. నీకిష్టమైన రచయిత తొలినాళ్ళ కథలు వెతికి చదువు. పోల్చుకోవాలంటే వాటితో పోల్చుకో.

నాలుగింటిలో ముందు ఏది పంపాలని అడిగావు. అన్నిటికన్నా చిన్నది. చదవడానికి తక్కువ సమయం పడుతుంది, పత్రికలో చోటు దొరకడమూ తేలిక. హామీపత్రం మీద సంతకం, తేదీ మరిచిపోకు.

ఉంటాను.