పేరు చూసి కాదు, పక్వం చూసి కొను

చిరంజీవి బుజ్జికి,

పెద్దమ్మ ఆశీస్సులు. దిజోన్‌లో నీకు గది దొరికిందనీ, క్లాసులు మొదలయ్యాయనీ మీ అమ్మ చెప్పింది. నీ మెసేజ్ కూడా చూశాను. సూపర్ మార్కెట్‌లో చీజ్‌కే ఒక వరస మొత్తం ఉందనీ, ఏది కొనాలో తెలియక టెన్షన్ పడి ఏమీ కొనకుండా వచ్చేశాననీ రాశావు. ఇది ఫోన్లో రెండు ముక్కల్లో చెప్పే విషయం కాదు, అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. లియోన్‌లో కాపురం పెట్టినప్పటి నుంచీ ఈ ఫ్రాన్స్ దేశంలో నాకు బాగా ఇష్టమైనవాటిలో చీజ్ ఒకటి. నీకూ ఆ రుచి తెలియాలని నా కోరిక.

ముందుగా ఒక్క సంగతి మనసులో పెట్టుకో. చీజ్‌ని పేరు చూసి కొంటే సరిపోదు, పక్వం చూసి కొనాలి. అది ఎన్నాళ్లు మాగింది, ఏ కాలంలో పిండిన పాలతో చేశారు, నువ్వు ఎప్పుడు తినబోతున్నావు అనేవి పేరుకంటే ముఖ్యం. కామెంబేర్ అనే మెత్తటి చీజ్ గురించి "తిన్నాను, నాకు నచ్చలేదు" అని మనవాళ్లు చాలామంది అంటారు. సరిగ్గా మాగకముందే, అదీ ఫ్రిజ్‌లోంచి తీసీ తీయగానే తిని ఉంటారు. అది కామెంబేర్ తప్పు కాదు.

కాబట్టి మొదటిసారి సూపర్ మార్కెట్‌లో కొనకు. మీ ఊరి మధ్యలో లే ఆల్ అని పెద్ద పైకప్పు ఉన్న మార్కెట్ ఉంది, శనివారం ఉదయం అక్కడికి వెళ్లు. చీజ్ మాత్రమే అమ్మేవాళ్లని ఫ్రొమాజే అంటారు. కౌంటర్ దగ్గరికి వెళ్లగానే ముందు బోంజూర్ చెప్పు. ఆ పలకరింపు లేకుండా నేరుగా అది ఇవ్వండి, ఇది ఇవ్వండి అంటే ఇక్కడ మొరటుగా అనిపిస్తుంది. మెత్తటి చీజ్ అడిగితే "ఎప్పటికి?" అని వాళ్లే అడుగుతారు. ఇవాళ రాత్రికా, ఎల్లుండికా అన్నదాన్ని బట్టి పెట్టె మూత తీసి, బొటనవేలితో మెల్లగా నొక్కి చూసి, ఆ రోజుకి సిద్ధమయ్యేది ఏరి ఇస్తారు. నువ్వు డబ్బు పెట్టేది ఆ బొటనవేలి అనుభవానికి కూడా. గట్టి చీజ్ అయితే "జ ప్యూ గూతే?" అని అడుగు, రుచి చూడటానికి పలచటి ముక్క కోసి ఇస్తారు. వంద గ్రాములు చాలన్నా ఎవరూ ఏమీ అనుకోరు. స్టూడెంట్‌వి కదా, మొహమాటపడి అరకిలో కొనకు.

మొదట కోంతేతో మొదలుపెట్టు. మీ ఊరికి తూర్పు వైపున్న జురా కొండల్లో పుట్టిన చీజ్ ఇది. మోంబెలియార్డ్, సిమ్మెంటాల్ జాతి ఆవుల పచ్చి పాలతో చేస్తారు. ఒక్కో చక్రం సుమారు 40 కిలోలు ఉంటుంది, దానికి దాదాపు 400 లీటర్ల పాలు పడతాయి. ఊళ్లలో రైతులంతా పాలు తెచ్చి పోసే సహకార డెయిరీలను అక్కడ ఫ్రుయిటియేర్ అంటారు. కోంతేను కనీసం 4 నెలలు మాగబెట్టాలని నిబంధన, చాలా చక్రాలు అంతకంటే ఎక్కువే మాగుతాయి. నువ్వు 12 నెలలదొకటి, 24 నెలలదొకటి చిన్న ముక్కలు కొను. రెండూ పక్కపక్కన పెట్టుకుని తిను. 12 నెలలదానిలో పాలు, వెన్న, కాస్త తీపి తెలుస్తాయి. 24 నెలలదానిలో వేయించిన గింజల రుచి వస్తుంది, పంటికింద ఇసుక రేణువుల్లాంటివి కరకరమంటాయి. అవి ఉప్పు కాదు. చీజ్ మాగేటప్పుడు ప్రోటీన్ విడిపోయి ఏర్పడే టైరోసిన్ స్ఫటికాలు. ఇంకో విశేషం చూడు. ఆవులు వేసవిలో పచ్చిక మేస్తాయి, చలికాలంలో ఎండుగడ్డి తింటాయి. అందుకే వేసవి పాలతో చేసిన కోంతే లోపల పసుపు పచ్చగా, చలికాలంది దంతం రంగులో ఉంటుంది. ఈ రెండు ముక్కలతో నీకు అర్థమయ్యేది పుస్తకం చదివినా అర్థం కాదు.

తినే పద్ధతి కూడా చెప్తాను. తినడానికి గంట ముందు ఫ్రిజ్‌లోంచి తీసి బయట పెట్టు. చల్లగా ఉన్నప్పుడు కొవ్వు గడ్డకట్టి ఉంటుంది, వాసనలూ రుచులూ బయటికి రావు. ముక్కని వేళ్లతో విరిచి ముందు వాసన చూడు. నోట్లో వేసుకుని వెంటనే నమిలి మింగేయకుండా నాలుకతో అంగిలికి అదిమి, ముక్కుతో మెల్లగా గాలి వదులు. సగం రుచి అప్పుడే తెలుస్తుంది. ఒక పూటకి మూడు రకాలు చాలు. మధ్యమధ్యలో బాగెట్ రొట్టె ముక్క, మంచినీళ్లు, లేదా యాపిల్ ముక్క తీసుకో. సౌమ్యమైన దాంతో మొదలుపెట్టి ఘాటైన దాంతో ముగించు. నీలి బూజు ఉన్నవి ఎప్పుడూ చివరనే తినాలి, లేకపోతే తర్వాత తినేది ఏదీ నాలుకకు అంటదు.

ఇక కామెంబేర్. పెట్టె మీద ఉత్త కామెంబేర్ అని ఉంటే అది ఎక్కడైనా తయారై ఉండవచ్చు. "కామెంబేర్ ద నార్మండీ" అనీ, ఏఓపీ (పుట్టిన ప్రాంతం పేరుకి రక్షణ ఉందని చెప్పే గుర్తు) అనీ, "లే క్రూ" అనీ ఉన్నది వెతుకు. లే క్రూ అంటే కాచని పాలు. అసలైనది గరిటెతో పొర మీద పొరగా, మధ్యలో ఆగి ఆగి, కనీసం ఐదుసార్లు అచ్చులో పోస్తారు. కోసినప్పుడు మధ్యలో సుద్దముక్క లాంటి తెల్లటి గీత కనిపిస్తే ఇంకా మాగాలి. అంచు నుంచి మధ్య వరకూ మెత్తబడి, కత్తికి అంటుకుంటూ, కారిపోకుండా ఉంటే అదే సమయం. అమ్మోనియా వాసన ముక్కుకి గుచ్చుకుంటే దాని పొద్దు దాటిపోయిందని అర్థం. తెల్లటి పైతొక్క తినదగినదే, తప్పకుండా లోపలి భాగంతో కలిపి తిను. కోంతే పైపొర మాత్రం తినరు.

వాసన గురించి ఒకటి చెప్పాలి, ఎందుకంటే నువ్వు ఉన్నది ఎప్వాస్ అనే చీజ్ సొంత జిల్లాలో. ఆ పేరున్న ఊరు మీ కోత్ దోర్ జిల్లాలోనే ఉంది. ఎప్వాస్‌ని మాగబెడుతున్నంత కాలం ఉప్పునీటితో, తర్వాత బుర్గోన్ ప్రాంతపు ద్రాక్ష పిప్పి నుంచి తీసిన మార్క్ అనే సారా కలిపిన నీటితో మాటిమాటికీ తుడుస్తారు. ఆ తడికి పెరిగే బ్యాక్టీరియా వల్లే తొక్క నారింజ రంగుకి తిరిగి, మూత తీయగానే గది నిండా వాసన కొడుతుంది. భయపడకు. ఆ వాసనంతా తొక్కదే. చెంచాతో తొక్క కింది మీగడ తీసి చూడు. ఉప్పగా, కమ్మగా, వాసన చూసి అనుకున్న దానికంటే ఎంతో నెమ్మదిగా ఉంటుంది. ప్రపంచ యుద్ధాల తర్వాత దాదాపు కనుమరుగైపోయిన ఈ చీజ్‌ని 1956లో రోబేర్, సిమోన్ బెర్తో దంపతులు మళ్లీ నిలబెట్టారు. నీ ఊరి పక్కదే కాబట్టి దీన్ని రుచి చూడకుండా చదువు ముగించుకుని వెళ్లిపోతే నాకు బాధగా ఉంటుంది.

మేకపాల చీజ్‌లకి వసంతం నుంచి శరదృతువు దాకా మంచి కాలం. మేకలు ఈనేది శీతాకాలం చివర్లో, ఆ తర్వాత కొత్త మేతతో పాలు వస్తాయి. క్రొత్తాం ద షవిన్యోల్ అని చిన్న బిళ్ళ ఉంటుంది. లేతది తడిగా పుల్లగా ఉంటుంది, కొన్ని వారాలు ఆరితే గట్టిపడి గింజల రుచికి వస్తుంది. లేతది ఒకటి, ఆరింది ఒకటి అడుగు. పొడుగ్గా, బూడిద పూతతో, మధ్యలో గడ్డిపరక దూర్చి ఉండేది సాంత్ మోర్ ద తురేన్. తినే ముందు ఆ గడ్డిపరక లాగేయాలి. పులుపు ఇష్టపడే మన నాలుకకు ఇవి తొందరగా దగ్గరవుతాయి.

నీలి బూజు చీజ్ రోక్‌ఫోర్‌ని తొందరపడి కొనకు, మిగతావి కొన్ని అలవాటయ్యాక చూద్దువు. అది లకోన్ జాతి గొర్రెల పచ్చి పాలతో చేస్తారు. అవేరోన్ జిల్లాలో కోంబాలు కొండ కింద, రోక్‌ఫోర్ ఊరి గుహల్లో మాగుతుంది. ఆ రాతి పగుళ్లలోంచి చల్లటి తడి గాలి వీస్తూనే ఉంటుంది. ఆ చీజ్‌కి సూదులతో బెజ్జాలు పెడతారు, లోపలికి గాలి వెళ్తేనే నీలి బూజు పెరుగుతుంది. 1925లోనే ఫ్రాన్స్ చట్టం చేసి ఆ పేరును కాపాడింది, చీజ్‌లలో అలాంటి రక్షణ పొందిన మొదటిది ఇదే. గోరంత ముక్కని బాగా పండిన బేరిపండుతోనో, అక్రోటుతోనో కలిపి తిను. ఉప్పు, తీపి కలిసినప్పుడు దాని ఘాటు ఒద్దికగా మారుతుంది.

నీతో ఉండే అమ్మాయి శాకాహారి అన్నావు కదా, తనకి నిజం ముందే చెప్పు. పాలు విరవడానికి ఇక్కడ చాలా చీజ్‌లలో దూడ కడుపు నుంచి తీసిన ఎంజైమ్ వాడతారు. లేబుల్ మీద "ప్రెజ్యూర్" అని ఉంటే అదే. కోంతే, కామెంబేర్ ద నార్మండీ, రోక్‌ఫోర్ అన్నీ అలాంటివే. "కోఆగ్యులాం మిక్రోబియాం" (సూక్ష్మజీవులతో చేసింది) అనో, "వెజెతాల్" (మొక్కల నుంచి తీసింది) అనో రాసి ఉన్నవి తను తినవచ్చు, కానీ అవి వెతుక్కోవాలి. ఎవరైనా "పాలే కదా, ఏం కాదులే" అంటే నమ్మొద్దు. తినాలో వద్దో తను నిర్ణయించుకోవాలి, తెలియక తినకూడదు.

క్రిస్మస్‌కి మీ అక్క వస్తుందట. తను కడుపుతో ఉంది కాబట్టి కాచని పాల మెత్తటి చీజ్‌లు పెట్టకు, లిస్టీరియా అనే బ్యాక్టీరియా ప్రమాదం ఉంటుంది. ఐదేళ్ల లోపు పిల్లలకి కూడా ఇవి వద్దనే ఇక్కడి ప్రభుత్వం చెబుతుంది. కోంతే లాంటి బాగా వేడి చేసి నొక్కి తయారుచేసేవి ఆ హెచ్చరికలో లేవు. పాలు పడవని నువ్వు చెప్పే నీ క్లాస్‌మేట్‌కి కూడా బాగా మాగిన కోంతే సాధారణంగా ఇబ్బంది పెట్టదు, అందులో లాక్టోజ్ అనే పాల చక్కెర దాదాపు మిగలదు.

ఎవరైనా ఇంటికి భోజనానికి పిలిస్తే చీజ్ పళ్లెం అసలు వంటకం తర్వాత, తీపికి ముందు వస్తుంది. రెండు మూడు రకాలు కొద్దికొద్దిగా ఒకేసారి తీసుకో, రెండోసారి అడగడం పద్ధతి కాదు. బ్రీ అనే మెత్తటి చీజ్ త్రికోణంగా ఉంటే దాని కొస కోసుకోకు. ఆ కొస అన్నిటికంటే మెత్తన, అది ఒక్కరే తీసుకుంటే మిగిలినవాళ్లకి తొక్కే మిగులుతుంది. పక్క నుంచి పొడుగ్గా కోయాలి. వైన్ తాగకపోయినా ఎవరూ తప్పు పట్టరు, యాపిల్ జ్యూస్ చక్కగా కుదురుతుంది. తాగేవాళ్లకి నేను చెప్పేది ఒకటే, చాలా చీజ్‌లకి ఎర్ర వైన్‌కంటే తెల్ల వైన్ బాగా నప్పుతుంది.

కారం లేకుండా ఎన్నాళ్లు అంటావేమో. ఆల్సాస్ ప్రాంతంలో మున్‌స్టేర్ అని ఒక ఘాటైన చీజ్ ఉంది, దాన్ని అక్కడివాళ్లు జీలకర్రలాంటి గింజలు చల్లుకుని తింటారు. మా లియోన్‌లో సెర్వెల్ ద కానూ అని చేస్తారు. నీళ్లు వార్చిన తాజా చీజ్‌లో చిన్న ఉల్లిపాయ, వెల్లుల్లి, ఉల్లికాడల్లాంటి చైవ్స్ సన్నగా తరిగి, ఉప్పు, మిరియాలు, కాస్త నూనె, వెనిగర్ కలుపుతారు. నాకు అది మన ఇంట్లో పెరుగు పచ్చడికి దగ్గర చుట్టంలా అనిపిస్తుంది. ఉడికించిన బంగాళాదుంపతో తింటే అన్నం లేదన్న బెంగ కాసేపు మర్చిపోతావు.

కొన్నవి కొట్టువాళ్లు చుట్టి ఇచ్చిన కాగితంలోనే ఉంచి, ఫ్రిజ్‌లో కూరగాయల అరలో పెట్టు. ప్లాస్టిక్‌తో బిగించి చుడితే చెమటపట్టి పాడవుతుంది. ఎప్వాస్‌ని మాత్రం మూత గట్టిగా పట్టే డబ్బాలో పెట్టు, ఫ్రిజ్ మీ ఇద్దరిదీ కదా. డీప్ ఫ్రిజ్‌లో ఏదీ వద్దు.

జురా నుంచి వచ్చే మోన్ దోర్ అనే చీజ్ సెప్టెంబరు 10 నుంచి మే 10 వరకే అమ్ముతారు. స్ప్రూస్ చెట్టు బెరడు పట్టీ చుట్టి గుండ్రటి చెక్క పెట్టెలో వస్తుంది. మాగేటప్పుడు ఆ బెరడు వాసన లోపలి మీగడకి పడుతుంది, బెరడు మాత్రం తినకూడదు. నేను నవంబరు మొదటి వారాంతానికి రైలెక్కి నీ దగ్గరికి వస్తాను. వచ్చేటప్పుడు ఒకటి తెస్తాను. మధ్యలో గుంట చేసి, వెల్లుల్లి ముక్కలు దూర్చి, రెండు చెంచాల తెల్ల వైన్ పోసి పెట్టెతో సహా ఓవెన్‌లో పెడదాం. అరగంటలో కరుగుతుంది. నువ్వు కిలో బంగాళాదుంపలు తెచ్చి ఉంచు, నీ గదిలో ఓవెన్ లేకపోతే ముందే చెప్పు, మా చిన్న ఓవెన్ తీసుకొస్తాను.

ఈలోగా కోంతే రెండు రకాలూ తిని ఏది నచ్చిందో నాకు రాయి.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ
లియోన్